కొన్నపిల్ల

మెట్టపాలెం,
చీపురుపల్లి తాలూకా,
6 జూలై 1968.

బావకి అప్పలసూరి దండాలు.

కిందటి ఉత్తరంలో నా తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్ది తిరుగు టపాలో పంపించావు. బొబ్బిలి బడిలో పిల్లలు చాలడం లేదా, బావమరిది కూడా కావలసి వచ్చాడా? ఈసారి కలం పక్కన పెట్టుకుని చదువు. దిద్దడానికి ముందు నవ్వి తీరాలి.

మా ఊళ్లోకి జీపు వచ్చింది బావా! బ్లాకు ఆఫీసు జీపు. అందులోంచి ఒకమ్మాయి దిగింది. పేరు లక్ష్మీకామేశ్వరి, బెజవాడ వైపు మనిషి. మాట్లాడితే రేడియోలో వార్తలు చదివినట్టుంటుంది. దాలయ్య బియ్యం మిల్లు పక్కనున్న రేకుల షెడ్డులో వారం వారం తల్లిదండ్రులకి తరగతులు పెడతారట. కష్టాల్లో ఉన్న ఇళ్లల్లో పిల్లల్ని ఎలా పెంచుకోవాలో నేర్పుతారట. పెద్దవాళ్లకి బడి! మన ఊళ్లో! నాకు రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్ము.

సూరయ్య చేత దండోరా వేయించారు. వాడికి బీడీ ఇచ్చి చివర ఒక ముక్క నేను కలిపాను. "రానోల్ల పిల్లల్ని జీపులో ఎక్కించుకెల్లిపోతారహో!" అని. షెడ్డు కిక్కిరిసిపోయింది. ఆ అమ్మాయి మా ఊరి చైతన్యం చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది.

నాకు పిల్లలు లేరు కదా, నువ్వెందుకు వెళ్లావంటావు. వెళ్లాను. ముందు వరసలో కూర్చున్నాను. ఆ అమ్మాయి పేర్లు రాసుకుంటూ నా దగ్గరికొచ్చి, "మీకు పిల్లలెంతమందండీ?" అంది.

"ఒక్కతేనమ్మా. బుట్టెడు తవుడిచ్చి కొన్నాను."

"కొ... కొన్నారా?"

"మరేటి! అదిగో, అమ్మినావిడ ఆ మూల కూకుంది."

చేతిలో కలం కిందపడింది బావా. "ఇది నేరమండీ! పిల్లని అమ్మడమేమిటండీ!" అని లేచి నిలబడింది. షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు జనం. దాలయ్యయితే పొట్ట పట్టుకుని బయటికి పరుగెత్తాడు. తరవాత ఎవరో ఆ అమ్మాయికి విడమరిచి చెప్పారు. ఎదురింటి అసిరమ్మకి పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఈ ఆడగుంట పుట్టగానే చేటలో పడుకోబెట్టి, "ఇది నాది కాదు" అని గట్టిగా చెప్పి నాకు అమ్మిందని. తవుడు నేనే పోశాను. చావు వెతుక్కుంటూ వస్తే అసిరమ్మ పిల్ల కనబడకూడదు, తవుడుకి అమ్ముడుపోయిన సరుకు కనబడాలి. అందుకే దాని పేరు తవిటమ్మ. కొన్నది నేనే గాని, పెరిగింది వాళ్లింట్లోనే. దాని అయ్య, అసిరమ్మ మొగుడు గంగులు విశాఖ హార్బరులో బస్తాలు మోస్తాడు, పండక్కి వస్తాడు. కొన్నప్పట్నుంచీ అది వీధిలో ఎప్పుడు కనబడినా నేను "ఏటే నా తవుడు బస్తా!" అని పిలుస్తాను. ఊరంతా నవ్వుతుంది. ఇవన్నీ నీకు తెలిసినవే. ఆ అమ్మాయికి తెలియవు కదా, అదీ మజా.

మాకు ఇంటిపని కూడా ఇచ్చిందండోయ్. రోజూ పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుని, అది చెప్పేది చివరిదాకా వినాలట. మధ్యలో నోరెత్తకూడదట. నోరెత్తకుండా నేను! ఊరంతా పందాలు కాస్తోంది.

అక్కకి చెప్పు.

నీ బావమరిది,
అప్పలసూరి.

*

బొబ్బిలి,
15 జూలై 1968.

చిరంజీవి అప్పలసూరికి నారాయణమూర్తి ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. దండోరా దగ్గర నవ్వింది. కలం కిందపడిన దగ్గర నవ్వింది. ఆ తరవాత నవ్వడం మానేసి, "మల్లీ సదువు" అంది. మళ్లీ చదివాను. ఇప్పుడు నా పక్కన కూర్చుని చెబుతోంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇందులో తప్పులు ఆవిడవి, దిద్దే ధైర్యం నాకు లేదు.

"ఒరే సూరిగా! అందరూ నవ్వినారని రాసినావు. దాలయ్య నవ్వినాడు, ఊరు నవ్వినాది. మరి ఆ గుంట నవ్విందా? అది అక్కడే ఉన్నాదా, నేదా? దాన్ని సూసినావా? నీకు కళ్లున్నాయి గాని, అవి ఎప్పుడూ ఎవులు నవ్వుతున్నారో సూడ్డానికే సరిపోతాయిరా."

ఇంతే చెప్పింది. లోపలికి వెళ్లి గిన్నెలు గట్టిగా కడుగుతోంది.

నా తరఫున ఒక మాట. ఇంటిపని ఇచ్చారన్నావు. బడిపంతులుగా చెబుతున్నాను, చెయ్యి.

నారాయణమూర్తి.

*

మెట్టపాలెం,
28 జూలై 1968.

బావకి,

అక్క పెద్ద గడుసుది. ఆ ప్రశ్న చదివి ఉత్తరం మడిచి చూరులో దోపేశాను. ముందు కోపం వచ్చింది. తరవాత ఇంటిపని చేద్దామని కూర్చున్నాను.

తవిటమ్మని మా అరుగు మీద కూర్చోబెట్టుకున్నాను. చేతిలో బెల్లం ముక్క పెట్టాను. అది తినలేదు. అరచేతిలో అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. నోరెత్తకుండా కూర్చోవడం ఎంత కష్టమో బావా, పొలం దున్నడం నయం. చివరికి అదే అంది.

"మావా, నువ్వు నన్ను కొన్నావు కదా?"

"కొన్నాను."

"మరి తీసికెల్లవేటి?"

నేను నవ్వబోయాను. దాని మొహం చూసి ఆగాను.

"అమ్మకి నానక్కర్నేదు కదా, అమ్మీసినాది. నువ్వు కొన్నావు గాని తీసికెల్లవు. మరి నానెవల్ది?"

బావా, నన్ను నిలదీసే మాట ఈ ఊళ్లో ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఏడేళ్ల గుంట అంది.

దాన్ని అసిరమ్మ ఎన్నడూ దగ్గరికి తీసుకోదు. నేనూ రోజూ చూస్తున్నదే, చూసీ చూడనిదే. తల దువ్వాలన్నా పక్కింటి తాతమ్మ చేత దువ్విస్తుంది. అన్నం పెట్టి పక్కకి తిరుగుతుంది. పిలిస్తే "ఒసే, పోయే" అంటుంది తప్ప పేరు పెట్టి పిలవదు. దగ్గరికి తీస్తే, నాది అంటే, ఎక్కడో కాచుకున్న చావు వినేస్తుందని దానికి భయం. ఆ భయం దానికి తెలుసు, మాకు తెలుసు. గుంటకి ఎవరూ చెప్పలేదు.

ఆ తరవాతి తరగతిలో ఇంకా చెడింది. కామేశ్వరమ్మ, "తల్లులందరూ పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక మంచి మాట చెప్పండి" అంది. అందరూ సిగ్గుపడుతూ, కిచకిచలాడుతూ కూర్చోబెట్టుకున్నారు. తవిటమ్మ వెళ్లి అసిరమ్మ ముందు నిలబడింది. అసిరమ్మ రెండు చేతులూ చంకల్లో దాచుకుంది.

"మీ పిల్లే కదమ్మా?" అంది కామేశ్వరమ్మ.

"కాదు. అమ్మీసినాను."

"ఇంత రాతిగుండె తల్లిని నేను చూడలేదమ్మా!" అనేసింది ఆ అమ్మాయి. చిన్నతనం, నోరు జారింది. అసిరమ్మ లేచి మిల్లులోకి వెళ్లిపోయింది. అది దాలయ్య మిల్లులోనే చెరుగుతుందిలే. మళ్లీ తరగతికి రాలేదు.

ఆ సాయంత్రం తవిటమ్మ మా గుమ్మంలో నిలబడింది. చంకలో మూట. అందులో ఒక గౌను, పలక.

నేను ఎదురింటి వైపు చూశాను. అసిరమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. "ఉంచీసుకో అన్నా," అంది. "మీ ఇంట్లో ఉంటే మరీ మంచిది. ఎక్కడున్నా బతికుంటే సాలు."

అలా మా ఇంట్లో పిల్ల ఉంది బావా! నిజంగా ఉంది! పొద్దున్నే లేచి గేదెతో కబుర్లాడుతుంది. నేను మిరపకాయ నమిలి ఏడుస్తున్నట్టు నటిస్తే పడీపడీ నవ్వుతుంది. ఇప్పుడు చెప్పు అక్కకి, నవ్విందని. నిన్న, "మావా, ఇకమీదట నిన్ను అయ్యా అనాలేటి?" అంది. నేను పెరట్లోకి వెళ్లి చాలాసేపు దూడని నిమురుతూ నిలబడ్డాను.

సంతోషించాలా వద్దా? రాయండి.

అప్పలసూరి.

*

బొబ్బిలి,
9 ఆగస్టు 1968.

చిరంజీవి అప్పలసూరికి,

నీ ఉత్తరంలో దూడ గురించి రాశావు, గేదె గురించి రాశావు. మా చెల్లెలు జగ్గమ్మ గురించి ఒక్క ముక్క లేదు. నీ భార్యకి ఇన్నేళ్లూ పిల్లలు లేరు. ఇప్పుడు ఇంట్లో ఒక పిల్ల తిరుగుతోంది. ఆవిడ ఏమంటోందో నువ్వు రాయకపోవడమే నాకు పెద్ద అక్షరాల్లో కనిపించింది.

ఇక మీ అక్క మాటలు.

"ఒరే సూరీ, సంతోషించకుండా ఎలాగుంటావురా, నాకూ తెలుసు. కానీ ఆ గుంట నీ ఇంటికి ఇష్టమై రానేదు. ఎవుల్దో తేలక వచ్చినాది. అసిరి దాన్ని అక్కర్నేక అమ్మనేదు. అక్కరై అమ్మినాది. ఇది దానికి తెలియాల. నువ్వు సెబితే నమ్మదు. నీ మాట ఊల్లో ఎవులు నమ్ముతారు గనక?

"అందుకని విను. అమ్మిన సరుకు మల్లీ కొనుక్కోకూడదని ఎవుడు సెప్పినాడు? అసిరి దాన్ని కన్నాది. కన్నపిల్ల మీద దిష్టికి కన్నుంటాది. అదే అసిరి పదిమందిలో తవుడిచ్చి కొనుక్కుందనుకో, అప్పుడది కన్నపిల్ల కాదు, కొన్నపిల్ల! కొన్నపిల్ల మీద ఏ కన్నూ పడదు. నెత్తినెట్టుకోవచ్చు, ముద్దెట్టుకోవచ్చు, నాదని వీదిలో అరవొచ్చు.

"ఒకటే షరతు. నువ్వు కొనుక్కోమని సెప్పకూడదు. అసిరే తనంతట తాను నోరిప్పి నాదని అడగాల. ఎలాగ అడిగిస్తావో నీ ఇష్టం. ఇన్నాల్లూ ఊరిని ఆటపట్టించినావు కదా, ఆ విద్య ఒక్కసారి పనికొచ్చేలా వాడు."

ఈ నియమం ఎవరు చెప్పారని అడిగాను. నా వైపు ఒక చూపు చూసి, "రాయి ముందు" అంది. నా అనుమానం, ఇది మా వంటింట్లో, ఈ పూటే పుట్టింది. కానీ ఎంత వెతికినా అందులో దిద్దవలసిన తప్పు నాకు కనబడలేదు.

నారాయణమూర్తి.

*

మెట్టపాలెం,
22 సెప్టెంబరు 1968.

బావా! అక్కా! అయిపోయింది! ఊరంతా చూసింది! గబగబా రాసేస్తున్నాను, అక్షరాలు నీకు ఎలా కనబడతాయో తెలియదు, ఇవాళ మాత్రం ఎర్రసిరా ముట్టుకోకు.

మొదట్నుంచీ చెబుతాను.

జగ్గమ్మ గురించి రాయలేదన్నావు. రాయలేకపోయాను బావా. పెళ్లయ్యాక అది అంత నవ్వడం నేను చూడలేదు. గుంటకి నూనె రాసి జడ వేసింది, తన పాత చీర చింపి లంగా కుట్టింది. నువ్వు రాసిన ఉత్తరం నేను బియ్యం డబ్బా వెనకాల దాచాను. ఏమని చెబుతాను? ఒకరోజు అన్నం తింటుంటే జగ్గమ్మే అంది.

"సూసినావా, అది రోజూ గుమ్మం వైపు తిరిగి తింటాది."

"గాలి కోసమేమో."

"గాలి కాదు. ఎదురిల్లు కనబడాలని. ఆ ఉత్తరంలో మీ అక్క ఏటి రాసినాదో సెప్పు. డబ్బా వెనకాల ఎన్నాల్లు దాస్తావు?"

చెప్పాను. విని, ముద్ద పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని, "మరైతే ఎప్పుడు?" అంది. అంతే.

కామేశ్వరమ్మకి కూడా చెప్పాం. చావు వింటుందన్న భయం సంగతి జగ్గమ్మ విడమరిచి చెబితే ఆ అమ్మాయి మొహం వాడిపోయింది. "పిల్లలు చెప్పేది చివరిదాకా వినమని మీకు చెప్పి, ఆ తల్లి చెప్పేది నేను వినలేదండీ," అంది. ఆ పూటే అసిరమ్మ ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. బయటికి వచ్చేటప్పుడు మాత్రం ఆ అమ్మాయి చేతిలో వేయించిన వేరుశనగలున్నాయి.

ఆఖరి తరగతికి కామేశ్వరమ్మ ఒక ఆట పెట్టింది. సంత ఆట. పెద్దలూ పిల్లలూ కలిసి ఆడాలి. ఒకరు మట్టి లడ్డూలు అమ్మారు, ఒకరు ఆకుల చీరలు అమ్మారు. షెడ్డు పక్కనే మిల్లు తలుపు, తలుపు లోపల అసిరమ్మ చెరుగుతూ ఉంది. నేను తవిటమ్మని ఎత్తి కామేశ్వరమ్మ బల్ల మీద నిలబెట్టాను.

"రండి బాబూ రండి! పాత సరుకు! ముందు పళ్లు ఊడినాయి, ఎడమసేతి వాటం, పెందలకాడ లేవదు, తిండికి మాత్రం బకాసురుడి అప్పసెల్లెలు! తీసుకున్నోడికి తీసుకున్నంత!"

జనం విరగబడి నవ్వారు. గుంట కూడా నవ్వింది అక్కా, ఈసారి చూశాను. సరుకుని పొగిడితే దిష్టి తగులుతుందని ఒక్క మంచి మాట కూడా రానివ్వలేదు నేను.

"కుంచెడు తవుడు!" అన్నాడు సూరయ్య.

"పో పో, మా గేదె నవ్వుతాది."

అప్పుడు దాలయ్య లేచాడు. వాడికి నేను ఏమీ చెప్పలేదు బావా, ఒట్టు. వేలం పాట అంటే వాడికి పూనకం వస్తుంది. "నా మిల్లులో తవుడికేటి కరువు? బస్తా!" అన్నాడు.

షెడ్డు హోరెత్తిపోయింది. బస్తా మీద పాడేవాడు ఎవడున్నాడు?

"బస్తా ఒకటోసారి!" నేను మిల్లు తలుపు వైపు చూశాను. చేట చప్పుడు ఆగింది. అసిరమ్మ కనబడలేదు.

"మేకలు కాయిస్తాను దీని సేత," అన్నాడు దాలయ్య ఉత్సాహంగా. "నా ఇంట్లోనే పడుంటాది."

"బస్తా రెండోసారి!" అన్నాను. తవిటమ్మ నవ్వడం మానేసి తలుపు వైపే చూస్తోంది. ఇది ఆటో కాదో దానికి అనుమానం వచ్చేసింది. అసిరమ్మ రాకపోతే? ఈ గుంట మొహం నేను మళ్లీ ఎలా చూడను? అక్క షరతు గుర్తొచ్చి నోరు నొక్కుకున్నాను. జగ్గమ్మ నా చొక్కా పట్టుకుంది.

"బస్తా మూ..."

"ఎవుడ్రా అది! నా పిల్లని ఎవుడ్రా మేకలకి తోలతాడు?"

చేట చేత్తోనే దూసుకొచ్చింది బావా! దాలయ్య దాని యజమాని అని కూడా చూడలేదు, చేటతో భుజం మీద ఒకటి ఇచ్చింది. తవుడు వాడి మీసాల నిండా. "ఎడమసేతి వాటమా? ఎడమసేత్తోనే ముగ్గెంత బాగా ఎడతాదో నువ్వు సూసినావా అప్పలసూరన్నా? పెందలకాడ లేవదా? కోడికంటే ముందు లేస్తాది! నా పిల్లని పట్టుకుని..."

అప్పుడు తను ఏం అంటోందో తనకే వినబడింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

అసిరమ్మ పైకి చూసింది, రేకుల వైపు, ఆకాశం అక్కణ్నించే ఊడిపడుతుందన్నట్టు.

బల్ల మీంచి చిన్న గొంతు.

"అమ్మా, మల్లీ అను."

నేను గబగబా అందుకున్నాను. "ఊరికే నాదంటే అయిపోతాదేటే అసిరీ? సరుకు నాది! కావాలంటే కొనుక్కో. పదిమందిలో తవుడిచ్చి కొనుక్కుంటే అది కన్నపిల్ల కాదు, కొన్నపిల్ల. కొన్నపిల్ల మీద ఏ కన్నూ పడదు. మా అక్క సెప్పినాది!"

అసిరమ్మ నన్ను చూసింది. కామేశ్వరమ్మని చూసింది. తాతమ్మ వెనకనుంచి, "అవునే, నానూ విన్నాను ఎప్పుడో," అంది. విన్లేదు బావా, ముసల్దానికి చెవుడు! అయినా అంది.

అసిరమ్మ మిల్లులోకి పరుగెత్తింది. కొంగు నిండా తవుడు పోసుకుని వచ్చింది. సగం దారిలోనే రాలిపోయింది. "ఇందా," అంది, "ఇంకా కావాలేటి? ఇంకా తెస్తాను, సెప్పు!"

నేను బేరం పెంచుదామనుకున్నాను, నా అలవాటు కొద్దీ. జగ్గమ్మ నన్ను పక్కకి నెట్టి ముందుకొచ్చింది. తన కొంగు పట్టింది. "సాలు వదినా," అంది. ఆ కొంగులోంచి ఈ కొంగులోకి తవుడు పడింది. అప్పుడు అసిరమ్మ రెండు చేతులూ చాచింది. గుంట బల్ల మీంచి దూకింది. అసిరమ్మకి పిల్లని ఎత్తుకోవడం అలవాటు లేదు కదా, ఇద్దరూ కలిసి తవుడులో పడ్డారు. లేవలేదు. అక్కడే కూర్చుని "నాది, నాది" అంటుంటే, కామేశ్వరమ్మ ఏడుస్తూ చప్పట్లు కొట్టింది. ఊరంతా కొట్టింది. దాలయ్య మీసాలు దులుపుకుంటూ అందరికంటే గట్టిగా కొట్టాడు.

ఒక్కటే బెంగ. జగ్గమ్మ ఇంటికొచ్చి తవుడు బుట్టలో పోసి మూల పెట్టింది. అప్పట్నుంచీ నాతో మాట్లాడలేదు. దీపం పెట్టలేదు. ఆ బుట్ట వైపే చూస్తూ కూర్చుంది.

అప్పలసూరి.

*

బొబ్బిలి,
30 సెప్టెంబరు 1968.

చిరంజీవి అప్పలసూరికి,

ఎర్రసిరా ముట్టుకోలేదు. నీ ఉత్తరం మా వీధిలో నాలుగిళ్లు తిరిగి వచ్చింది. పక్కింట్లో వీణలు చేసే ఆయన "మూడోసారి" దగ్గర పని ఆపేసి, "రాలేదా? ఆవిడ రాలేదా?" అని కేకలు పెట్టాడు.

మీ అక్క కన్నీళ్లు తుడుచుకుని ఇలా చెప్పింది: "ఎవులైనా ఆ నియమం ఎక్కడిదని అడిగితే మా అత్త సెప్పినాదని సెప్పు. మా అత్త పోయినాది కదా, అడగడానికి ఎవుడూ ఎల్లడు. అవన్నీ సరే, జగ్గమ్మ ఎలాగున్నాది? అది రాయి ముందు. రేపే రాయి."

నారాయణమూర్తి.

*

మెట్టపాలెం,
6 అక్టోబరు 1968.

బావకి, అక్కకి,

జగ్గమ్మ బాగుంది. నాకంటే గట్టిది.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి మూల బుట్ట ఖాళీ. గేదె ముందు కుడితి గోలెం. జగ్గమ్మ దాని పక్కన నిలబడి, చేత్తో తవుడు అడుగుదాకా కలిపి మరీ తాగిస్తోంది. "అంతా ఒకేసారి ఎందుకే, దాని కడుపు ఉబ్బుతాది," అన్నాను.

"ఉబ్బనీ," అంది. అప్పటికి మాట్లాడిన మొదటి మాట అదే.

అప్పుడే ఎదురింటి తలుపు తెరుచుకుంది. తవిటమ్మ పరుగెత్తుకుని వచ్చింది. జడ వంకరటింకరగా ఉంది, అసిరమ్మకి వెయ్యడం రాదు, నేర్చుకుంటోంది. గోలెం మీదికి వంగి లోపలికి చూసింది. ఖాళీ బుట్ట తిరగేసి చూసింది.

"అత్తా, నన్ను అమ్మిన తవుడంతా గేదె తాగీసినాదా?"

"తాగీసినాది."

"కొంచెం కూడా మిగల్లేదా?"

"సుక్క కూడా నేదు."

"అయితే ఇంక మావ తిరిగిచ్చి నన్ను వెనక్కి తీసుకోలేడు కదా?"

"లేడమ్మా," అంది జగ్గమ్మ. "ఎవులూ తీసుకోలేరు."

గుంట గేదె మెడ కావిలించుకుని, ఎదురింటి వైపు తిరిగి, వీధి వీధంతా వినబడేలా అరిచింది.

"అమ్మా! తాగీసినాది!"

అప్పలసూరి.